పొయ్యి సరే, గిన్నెల సంగతేంటి?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ జబ్బుంది. రెండు వేల రూపాయల వస్తువు కొనడానికి రెండు వారాలు రివ్యూలు చదువుతాం. ఇండక్షన్ స్టవ్ అయితే ఇక చెప్పక్కర్లేదు. 1800 వాట్లా 2000 వాట్లా, బటన్లా టచ్చా, సర్వీస్ సెంటర్ ఒంగోల్లో ఉందా లేదా.. అన్నీ ఎక్సెల్ షీట్లో పెట్టి, చివరికి ఒకటి ఆర్డరిచ్చి, డెలివరీ అడ్రస్ దగ్గర ఊళ్ళో అమ్మావాళ్ళ అడ్రస్ కొట్టేసి, పెద్ద రిలీజ్ అయిపోయినట్టు టీకి పోతాం. దాని మీద ఏ గిన్నె పెట్టి వండుతారు అన్న కాలమ్ మాత్రం ఆ షీట్లో ఉండదు. నన్నడిగితే ఈ వరస తిరగబడాలి. ముందు గిన్నెలు చూడాలి, పొయ్యి సంగతి తర్వాత.

మాది పొదిలి. ఒంగోలు నుంచి పడమరకి ఓ యాభై కిలోమీటర్లు, ఇంకా ముందుకి పోతే మార్కాపురం, ఆపైన గిద్దలూరు. మా వీధిలో ఇంటికొకరు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు కాబట్టి ఇంటికో ఇండక్షన్ స్టవ్ కూడా ఉంది. వాటిలో రోజూ వెలిగేవి ఎన్ని అంటే మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఎదురింటి పిన్నమ్మకి వాళ్ళబ్బాయి పంపించినది ఫ్రిజ్ మీద అట్టపెట్టెలోనే ఉంది. "ఇదేం పొయ్యి అబ్బాయ్, ఏం పెట్టినా కీ కీ మని అరుస్తా ఉంది. మావాడికి చెప్తే వాడు యూట్యూబ్ లింకు పంపించినాడు" అంది. స్టవ్ పాడైందేమో అని వాళ్ళ అనుమానం. స్టవ్ లక్షణంగా ఉంది. గిన్నె కనపడక అరుస్తోంది పాపం.

ఆ సాయంత్రం మా ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ ఒకటి పీకి తీసుకెళ్ళి వాళ్ళ వంటింటి సామాను మొత్తం ఆడిట్ చేశాను. అన్నం వార్చే సిలవర్ గిన్నె, అంటుకోలేదు. పప్పు కుక్కర్, పాత అల్యూమినియంది, అంటుకోలేదు. కూరల హిండాలియం దాకలు మూడు, లేదు. రాగి అడుగున్న స్టీలు గిన్నె, లేదు. పెళ్ళికి సారెలో వచ్చిన మందపాటి స్టీలు గిన్నెలు, ఎవరు పెట్టారో పేర్లు కొట్టించినవి, పదో పన్నెండో ఉన్నాయి. వాటికీ లేదు. చిట్టచివరికి టపీమని అంటుకున్నది ఏంటో తెలుసా? వాళ్ళత్తగారి కాలం నాటి ఇనప దోసె పెనం. నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. ఆ వంటింట్లో అన్నిటికంటే పాతదే కొత్త పొయ్యికి పనికొచ్చింది. మనం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అని మీటింగుల్లో కొట్టుకునేది దీని గురించే :)

పిన్నమ్మకి అసలు మింగుడు పడనిది మాత్రం ఇంకోటి. "అయస్కాంతం అంటుకుంటే నాసిరకం స్టీలు గదా?" అంది. ఆమె తప్పేం లేదు. స్టీలు సామాన్ల కొట్టువాళ్ళు తరాల తరబడి మనకి నేర్పింది అదే. కొట్టాయన గిన్నెకి అయస్కాంతం ఆనించి, అది జారి కింద పడితే "చూశారా అమ్మా, అసలైన సరుకు" అని కిలో లెక్కన తూచి ఇచ్చేవాడు. అందులో కొంత నిజం ఉంది కూడా. నికెల్ కలిసిన 304 రకం స్టీలుకి అయస్కాంతం దాదాపు అంటుకోదు, ఉప్పుకీ పులుపుకీ బాగా తట్టుకుంటుంది. నికెల్ లేని 430 రకానికి అంటుకుంటుంది, ధర తక్కువ, తుప్పుని తట్టుకునే శక్తీ కాస్త తక్కువే. మధ్యలో మాంగనీసు ఎక్కువ వేసి నికెల్ తగ్గించిన 200 సిరీస్ స్టీలొకటి ఉంది, దానికీ అయస్కాంతం అంటుకోదు. కాబట్టి అంటుకోకపోవడం మంచి స్టీలుకి పూర్తి గ్యారంటీ ఎప్పుడూ కాదు, కానీ జనంలో నమ్మకం మాత్రం పాతుకుపోయింది. ఇప్పుడు ఇండక్షన్ వచ్చి ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఆమె ముప్పై ఏళ్ళు ఏ గిన్నెని వద్దని కొట్టువాడికి వెనక్కిచ్చిందో ఆ గిన్నెనే మనం కొనమంటున్నాం. వివరం చెప్పకుండా స్టవ్ ఒక్కటి పంపిస్తే ఎందుకు నమ్ముతుంది?

ఇంజినీరింగ్ చదివినవాళ్ళం కాబట్టి కారణం ఒక్క పేరాలో చూద్దాం, ఇష్టం లేనివాళ్ళు దాటేయండి. అద్దం పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి ఇరవై వేలసార్లకి పైగా అటూఇటూ తిరుగుతుంది. దాని అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, గిన్నె తనంతట తానే వేడెక్కుతుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటు లోహం మందమంతా పాకదు, పైపొరలోనే పారుతుంది. అయస్కాంత గుణం ఉన్న స్టీలులో ఆ పొర మిల్లీమీటరులో చిన్న భాగం, పైగా ఆ లోహానికి నిరోధం ఎక్కువ. ఇరుకు దారిలో తోపులాట, అందుకే వేడి. అల్యూమినియంలో పొర అర మిల్లీమీటరు దాకా ఉంటుంది, పైగా అది చాలా మంచి వాహకం. కరెంటు హాయిగా పారిపోతుంది, వేడి పుట్టదు. రాగీ అంతే, ఇత్తడీ దాదాపు అంతే. మంచి వాహకం కావడమే వాటికి ఇక్కడ శాపం. గిన్నె తగినది కాదని తెలిసిన వెంటనే స్టవ్ కరెంటు ఆపేసి అరుస్తుంది. అల్యూమినియంని కూడా వేడెక్కించే స్టవ్‌లు జపాన్‌లో చేశారు గానీ, వాటి ధరకి మన దగ్గర ఓ డబుల్ డోర్ ఫ్రిజ్ వస్తుంది, వదిలేద్దాం.

సరే, ఏం కొనాలి? ఇక్కడే నాకు ఆన్‌లైన్లో దొరికే ఏడు గిన్నెల సెట్లంటే ఒళ్ళు మంట. ఫ్రైపాన్, సాస్‌పాన్, గాజు మూత.. అవి ఎవరి వంటింటి కోసం తయారుచేశారో మరి. మా వైపు వంట సంగతి వేరు. మా బోరు నీళ్ళ గట్టిదనం తెలిసినవాళ్ళకి కందిపప్పు ఎంత మొండిదో కూడా తెలుసు. మెట్ట ప్రాంతం, కంది మా పంట, కానీ మా నీళ్ళలోనే మా పప్పు సరిగ్గా ఉడకదు. నీళ్ళలోని కాల్షియం పప్పు పైపొరని గట్టిపరుస్తుంది. మామూలు గిన్నెలో గంటసేపు పెట్టినా పలుకు తగుల్తుంది. అందుకని మా వైపు ఇంట్లో మొదట కొనాల్సింది కుక్కర్, అది కూడా స్టీలుది. ఐఎస్ఐ గుర్తుతో పాటు అడుగున ఇండక్షన్ బేస్ అని రాసి ఉండాలి, ఐఎస్ఐ గుర్తుకీ ఇండక్షన్‌కీ సంబంధం లేదు. అల్యూమినియం కుక్కర్లకి కూడా అడుగున స్టీలు పలక అతికించి ఇండక్షన్ అని అమ్ముతున్నారు, చవకే, పనిచేస్తాయి. అయితే ఇంటివాళ్ళు రోజుకి రెండు పూటలా వాడేదానికి నేను స్టీలు వైపే మొగ్గుతాను. చింతపండు పులుసు పెట్టినా ఏమీ కాదు, అడుగు సొట్టపోదు.

నీళ్ళ మాటొచ్చింది కాబట్టి ఇంకో ముక్క. పొదిలి, కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఇండక్షన్ మీద రెండు నిమిషాల్లో నీళ్ళు మరుగుతాయి కాబట్టి కాచి తాగమని ఫోన్లో సలహాలిచ్చే కొడుకులున్నారు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్ళు కాస్త ఆవిరైపోతాయి కాబట్టి మిగిలినదాంట్లో దాని పాలు ఇంకొంచెం పెరుగుతుంది కూడా. ఏ స్టీలు గిన్నే దాన్ని ఆపలేదు. క్యాన్ నీళ్ళు క్యాన్ నీళ్ళే.

రెండోది, ఒక మందపాటి అడుగున్న గిన్నె, కూరకీ పులుసుకీ. ఇక్కడ పిన్నమ్మ అయస్కాంతం నమ్మకమూ మన ఇండక్షన్ అవసరమూ రెండూ కుదిరే దారి ఉంది. శాండ్‌విచ్ బాటమ్ అంటారు. గిన్నె మొత్తం మంచి స్టీలు, అడుగున మాత్రం అల్యూమినియం పొర, దాని కింద అయస్కాంతం అంటుకునే స్టీలు పలక. కొట్లో అయస్కాంతం రెండుచోట్ల పెట్టి చూడండి. అడుగున గట్టిగా పట్టుకోవాలి, పక్కగోడకి పట్టుకోకూడదు. గోడకి కొంచెం లాగినట్టు అనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మంచి స్టీలుని కూడా సాగదీసి వంచిన చోట కాస్త ఆ గుణం వస్తుంది. ట్రైప్లై అని ఇంకోటి, మూడు పొరలూ గోడ దాకా ఉంటాయి, దానికి బయటంతా అంటుకుంటుంది. లోపల వైపు 304 అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ధర ఎక్కువే గానీ ఒకటి కొంటే ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు.

మందపాటి అడుగు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన చవక స్టవ్‌లకి నిజంగా సిమ్ అనేది లేదు. 300 వాట్లు అని డిస్‌ప్లేలో చూపిస్తుంది. చాలావాటిలో లోపల జరిగేది ఏంటంటే, వెయ్యి వాట్లు కొన్ని సెకన్లు వేయడం, కొన్ని సెకన్లు ఆపడం. సగటు 300. మన భాషలో డ్యూటీ సైకిల్. పల్చటి గిన్నె పెడితే వేసినప్పుడల్లా అడుగంటుతుంది, ఆపినప్పుడల్లా చల్లారుతుంది. పాలు మాడి, "మీ కరెంటు పొయ్యి మీద పాలు మాడు వాసన" అనే ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. మందపాటి అడుగు ఆ కొట్టుడిని సర్దేస్తుంది, కెపాసిటర్ లాగా. కాబట్టి పాలగిన్నె కూడా ఈ రకందే తీసుకోవాలి, మూడోది అదే. ఒక జాగ్రత్త, పాలగిన్నె, టీ గిన్నె అడుగులు చిన్నవి. పన్నెండు సెంటీమీటర్లకి తక్కువైతే చాలా స్టవ్‌లు గుర్తు కూడా పట్టవు. కొట్టుకెళ్ళేటప్పుడు స్కేలు ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. అడుగు ఎంతుందో కొలవడానికీ, దాని మీద అడ్డంగా పెట్టి వంకర ఉందో లేదో చూడటానికీ. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే ఆ గిన్నె వద్దు.

దోసె పెనం కొననవసరం లేదు, ఇనపది ఇంట్లో ఉంటే. ఒకటే షరతు, అడుగు చదునుగా ఉండాలి. మధ్యలో గుంట పడిన పెనం, బూరెల మూకుడు లాంటివి అద్దం మీద నిలవవు. ఇనప పెనాన్ని ఎత్తి దించాలి గానీ అద్దం మీద ఈడ్చకూడదు. ఇంకో విషయం, తీగ చుట్ట పెనం కంటే చిన్నది, ఆరంభంలోనే ఎక్కువలో పెడితే మధ్యలో మాడి అంచు పచ్చిగా ఉంటుంది. తక్కువలో ఐదు నిమిషాలు కాగనిచ్చి అప్పుడు పిండి పొయ్యాలి. ఇది చెప్పకపోతే మొదటి దోసెకే స్టవ్ మళ్ళీ అట్టపెట్టెలోకి పోతుంది.

ఇక సంగటి. జొన్న, సజ్జ, రాగి ఏదైనా సరే, తెడ్డుతో బలంగా నొక్కి తిప్పకపోతే అది సంగటి కాదు, జావ. ఆ తిప్పుడికి నున్నటి అద్దం మీద గిన్నె బొంగరంలా తిరుగుతుంది, చెయ్యి జారితే అద్దం పగులుతుంది. ఎసరు ఇండక్షన్ మీద కాచి, పిండి వేసి ఉడికాక గిన్నె దించి చుట్టకుదురు మీద పెట్టి తిప్పుకోవాలి. వంకాయ కాల్చి చేసే పచ్చడి, మంట మీద పొంగే పుల్కా, పండగ అరిసెల మూకుడు, వీటికి ఇండక్షన్ దగ్గర జవాబు లేదు. గ్యాస్ తీసేయమని అమ్మకి చెప్పేవాళ్ళకి నేను దండం పెడతాను. కరెంటు పోయిన పూట ఏం తింటారు? ఇది రెండో పొయ్యి, మొదటిది కాదు.

ఈ మధ్య అడాప్టర్ ప్లేట్ అని ఇనప బిళ్ళ ఒకటి అమ్ముతున్నారు. స్టవ్ మీద బిళ్ళ, బిళ్ళ మీద మన పాత సిలవర్ గిన్నె. చూడటానికి తెలివైన ప్యాచ్ లాగుంటుంది. కానీ అప్పుడు వేడెక్కేది బిళ్ళ, గిన్నె కాదు. బిళ్ళ నుంచి గిన్నెకి వేడి చేరేలోపు సగం దారిలో పోతుంది, ఆ బిళ్ళ కింద అద్దం కాగిపోయి స్టవ్ తనంతట ఆగిపోతుంది. ఇండక్షన్‌లో ఉన్న మంచి గుణాలన్నీ తీసేసి మామూలు హీటర్ చేసుకున్నట్టు. అంతగా పాత గిన్నెలే వాడాలంటే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ ఒకటుంది. అది కింద నుంచి కాల్చేది కాబట్టి ఏ గిన్నె పెట్టినా పనిచేస్తుంది. దాని పలక ఎర్రగా కాలుతుంది, ఆపాక కూడా చాలాసేపు చుర్రుమంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. కరెంటూ కాస్త ఎక్కువ. అయినా సరే, వంటింటి నిండా పనికొచ్చే గిన్నెలున్న పెద్దావిడకి అదే మంచిదని నేను అనుకుంటున్నాను. మన ఫ్రెండ్స్ సర్కిల్లో ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎందుకో చిన్నచూపు. వంట చేసేది సర్కిల్ కాదు కదా.

అన్నట్టు అమెరికా మిత్రులకో మాట. మీ అపార్టుమెంటులో నల్లటి గాజు పలక పొయ్యి ఉన్నంత మాత్రాన అది ఇండక్షన్ అనుకోకండి. అక్కడ చాలా ఇళ్ళలో ఉండేది లోపల తీగ ఎర్రబడే మామూలు ఎలక్ట్రిక్ రేంజి. దానికి ఏ గిన్నైనా చదునుగా ఉంటే చాలు. 23 కేజీల సూట్‌కేసులో ఇండక్షన్ కుక్కర్లు కుక్కేబదులు ఇంకో రెండు కేజీలు గోంగూర పచ్చడి పెట్టించుకోండి :)

లెక్కకొస్తే, స్టవ్ రెండు మూడు వేలు. స్టీలు కుక్కరూ మందపాటి గిన్నే పాలగిన్నే కలిపితే స్టవ్ ధరకి రెట్టింపు దాటిపోతుంది. మనం బడ్జెట్లో వేసేది మొదటి అంకెని మాత్రమే. రెండోది అమ్మ ఇంటి ఖర్చుల్లోంచి పెట్టుకుంటుందని చెప్పకుండానే అనుకుంటాం. ఆమె పెట్టుకోదు. అక్కడ చీటీ డబ్బులుంటాయి, మందుల డబ్బులుంటాయి, మనవడి చెవులు కుట్టే ఖర్చుంటుంది. "ఉన్న గిన్నెలు బంగారం లాంటివి, మళ్ళీ గిన్నెలేందిరా" అని స్టవ్‌ని పక్కన పెడుతుంది. ఆపైన మనం మా అమ్మకి టెక్నాలజీ అలవాటు కాదు అంటాం. అలవాటు కాకపోవడం కాదది, లెక్క తెలిసి ఉండటం.

అందుకని పంపించేదేదో గిన్నెల డబ్బు పంపించండి. ఊరెళ్ళినప్పుడు ఆమెని వెంటబెట్టుకుని మన ఊళ్ళోని స్టీలు కొట్టుకే వెళ్ళండి. అయస్కాంతం ఆమె చేతికివ్వండి. బరువు ఎత్తి చూసేది ఆమె, చెవి పట్టుకుని దించేది ఆమె. నీళ్ళు నింపిన మూడు లీటర్ల ట్రైప్లై గిన్నెని అరవై ఏళ్ళ మణికట్టు ఎత్తగలదా లేదా అన్నది ఏ రివ్యూలోనూ రాసి ఉండదు. మా పిన్నమ్మ ఐదు లీటర్ల కుక్కర్ ఎత్తి చూసి దించేసి మూడు లీటర్లది తీసుకుంది. వాళ్ళబ్బాయి ఆన్‌లైన్లో చూసి పెట్టింది ఐదున్నర లీటర్లది.

పాత గిన్నెలకి ఎక్స్ఛేంజ్ ఆఫర్ అని కొట్టాయన అంటాడు. తొందరపడకండి. పేర్లు కొట్టించిన సారె గిన్నెలు తూకానికి ఎంతొస్తాయో వచ్చే ఆ నాలుగు వందల కోసం ఇవ్వమంటే నేను చెప్పను, ఆమే చెప్పాలి. పిన్నమ్మ సొట్టలుపడ్డ సిలవర్ గిన్నె ఒక్కటి ఇచ్చింది. మిగతావి గ్యాస్ పొయ్యి పక్కనే ఉన్నాయి.

ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే మాత్రం ఈ గొడవంతా మొదలుపెట్టకముందే డాక్టర్ని అడగండి. పనిచేస్తున్న ఇండక్షన్ స్టవ్‌కి కనీసం రెండడుగుల ఎడంలో ఉండమని సాధారణంగా చెప్తారు. పొయ్యి దగ్గర నిలబడి పోపు వేసే మనిషికి రెండడుగుల ఎడం అంటే ఆ పొయ్యి వద్దనే అర్థం.